తౌరాసి నల్లద్రాక్ష: దాని గుణము, దాని వారసత్వము

ఇటలీ దేశము పటములో పొడవాటి జోడు వలె సముద్రములోనికి చాచుకొని యుండును. దాని దక్షిణ భాగమున, పడమటి తీరముననున్న రాష్ట్రము కంపానియా. నేపుల్సు నగరము దాని ముఖ్యపట్టణము. అక్కడినుండి తూర్పుగా కొండలలోనికి పోయినచో ఇర్పీనియా అను సీమ వచ్చును. ఈ సీమలో, కలోరె నది లోయకు పైన, తౌరాసి అను చిన్న గ్రామము కలదు. ఆ గ్రామము పేరిట తయారగు ఎఱ్ఱని వైను నేడు దక్షిణ ఇటలీకి మంచి పేరు తెచ్చినవానిలో ఒకటి. దానికి మూలము అగ్లియానికో అను నల్లద్రాక్ష రకము.

ద్రాక్షరసమును పులియనిచ్చి చేయునది వైను. అది కాచి దించు సారాయి వంటిది కాదు. మద్యపానమును మెచ్చుకొనుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. రైతు తెలిసికొనదగిన విషయము వేరొకటి ఇందులో కలదు. అగ్లియానికో ఆలస్యముగా పండును. దానిలో వగరు మెండు, పులుపు మెండు. కోతవేళ వర్షము పడినచో కుళ్లును. పంటను తొందరగా అమ్ముకొన దలచిన వానికి ఇవన్నియు లోపములే. ఈ రకమును పీకివేసి, ఎక్కువ కాపు కాయు రకములు నాటుట మేలని ఒకప్పుడు అనేకులు తలచిరి. అట్టి పంట నిలిచి పేరు పొందుట ఎట్లు సాధ్యమైనదో క్రమముగా చూతము.

నేల, వాతావరణము

దక్షిణ ఇటలీ అనగానే ఎండలు మండు దేశమని తోచును. సముద్రతీరమున అది నిజమే. కాని ఇర్పీనియా కొండసీమ. ద్రాక్షతోటలు చాలవరకు సముద్రమట్టమునకు 300 నుండి 700 మీటర్ల ఎత్తున, వాలు నేలలలో ఉన్నవి. శీతకాలమున మంచు కురియును. వేసవిలో పగలు ఎండ బాగుగా కాయును, రాత్రులు చల్లబడును. పగటి ఎండ వలన కాయలో చక్కెర పెరుగును. రాత్రి చల్లదనము వలన పులుపు తొందరగా తగ్గిపోదు. తీపి, పులుపు రెండును నిలుచుట ఈ సీమ ద్రాక్షకు మొదటి బలము.

నేలలు ఎక్కువగా సున్నపుపాలు గల బంకమన్ను. పూర్వము వెసూవియస్ మొదలగు అగ్నిపర్వతములనుండి ఎగిరిపడిన బూడిద ఈ మన్నులో చాలచోట్ల కలిసియున్నది. బంకమన్ను తేమను పట్టియుంచును. బూడిద నేలను గుల్లచేయును. అందుచే వేరు లోతుకు దిగి, వేసవి ఎద్దడికి ఓర్చును.

రకము గుణములు

అగ్లియానికో తీగె బలముగా పెరుగు జాతి. వసంతమున త్వరగా చిగురించును, కాని కాయ చాల ఆలస్యముగా పండును. ఇటలీలో అనేక రకముల కోత సెప్టెంబరులోనే ముగియగా, తౌరాసి ప్రాంతమున దీని కోత అక్టోబరు చివరనో, నవంబరులోనో జరుగును. కాయ నల్లగా, చిన్నదిగా ఉండును. తొక్క దళసరి.

నేరేడు పండు తిన్నపుడు నాలుక పట్టినట్లగును గదా. అట్టి వగరునిచ్చు పదార్థమును టానిన్ అందురు. ద్రాక్షలో అది తొక్కలోను, గింజలోను ఉండును. అగ్లియానికోలో ఈ టానిన్ అధికము. వైను క్రొత్తగా నున్నపుడు ఈ వగరే దానిని మోటుగా చేయును. కాని వైను ఏండ్ల తరబడి చెడకుండ నిలుచుటకు కూడ ఈ వగరు, పులుపులే కారణము. ఒకే గుణము మొదట లోపముగాను, పిదప బలముగాను కనబడుట గమనింపదగినది.

తెగుళ్ల విషయమున, బూడిద తెగులును ఈ రకము బాగుగానే తట్టుకొనును. బూజు తెగులునకు మాత్రము తేలికగా లొంగును. దానికి మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో మిశ్రమమును చల్లుట పాత పద్ధతి. మన రైతులు కూడ ఎరిగిన ఈ మందు 1880 తరువాతి సంవత్సరములలో ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటలలోనే పుట్టినది. మిల్లార్దె అను శాస్త్రజ్ఞుడు దానిని ప్రచారములోనికి తెచ్చెను. గుత్తులకు వచ్చు బూడిదరంగు కుళ్లు ఈ రకమునకు మరియొక శత్రువు. కాయ ఆలస్యముగా పండుటచే, శరదృతువు వానలు పడునప్పటికి గుత్తులింకను తీగెపైననే ఉండును.

పేరు వెనుక కథ

అగ్లియానికో అను పేరు, గ్రీకు దేశపుది అను అర్థముగల ఎల్లెనికో అను మాటనుండి వచ్చినదని చాలకాలముగా చెప్పుచున్నారు. క్రీస్తుకు పూర్వము 8వ శతాబ్దమున గ్రీకులు కంపానియా తీరమున వలసలు ఏర్పరచుకొనిన మాట నిజము. వారితో ద్రాక్షసాగు పెంపొందిన మాటయు నిజము. కాని ఈ రకమునే వారు తెచ్చిరనుటకు తగిన ఆధారము లేదు. పేరు కనబడు పత్రములు 16వ శతాబ్దము నాటివి. ఇటీవలి డి.ఎన్.ఏ. పరీక్షలలో, పోల్చి చూచిన గ్రీకు రకములతో దీనికి దగ్గరి చుట్టరికము కనబడలేదు. ఇది దక్షిణ ఇటలీలోనే రూపొందిన రకమై యుండవచ్చునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

గ్రామము పేరు మాత్రము నిజముగా ప్రాచీనము. క్రీస్తుకు పూర్వము 180లో రోమనులు, తాము ఓడించిన లిగూరియనులను తౌరాసి భూములకు తరలించిరని రోమను చరిత్రకారుడు లివీ వ్రాసెను. పంటకు ప్రాచీనత అంటగట్టుట ఏ దేశమునందైనను ఉన్నదే. ఈ ద్రాక్ష అసలు వారసత్వమునకు గ్రీకుల కథతో పనిలేదు. తరతరములుగా ఒకే రకమును ఒకే నేలపై నిలుపుకొని వచ్చిన రైతుల పనిలో అది స్పష్టముగా కనబడును.

రైలు వచ్చుట, పురుగు వచ్చుట

19వ శతాబ్దపు రెండవ భాగమున ఫైలాక్సెరా అను చిన్న పురుగు అమెరికానుండి ఐరోపాకు వచ్చినది. అది ద్రాక్షవేళ్లనుండి రసమును పీల్చి తీగెను చంపును. మొదట ఫ్రాన్సు తోటలు నాశనమయ్యెను. ఇటలీలో దీనిని 1879లో ఉత్తరభాగమున కనుగొనిరి. ఇర్పీనియా కొండలకు అది ఆలస్యముగా చేరెను. ఈ వ్యవధిలో ఇతర ప్రాంతముల వర్తకులకు దక్షిణాది వైను కావలసివచ్చెను. 1895లో పూర్తియైన అవెల్లీనో–రొక్కెట్టా రైలుమార్గము ఈ లోయగుండా పోవుటచే, పీపాలకు పీపాలు వైను ఉత్తరమునకు తరలినది.

రైతులకు సొమ్ము వచ్చినది, కాని పేరు రాలేదు. దట్టమైన రంగు, వగరు గల ఈ వైనును ఇతర ప్రాంతముల పలుచని వైనులలో కలిపి, ఆ ప్రాంతముల పేరనే అమ్ముచుండిరి. తరువాత పురుగు ఇక్కడికిని వచ్చినది.

పురుగునకు విరుగుడు అంటుకట్టుటలో దొరికినది. అమెరికా ద్రాక్షజాతుల వేళ్లు ఈ పురుగును తట్టుకొనును. కావున అమెరికా వేరుమొక్కపై ఐరోపా తీగెను కట్టిరి. మామిడిలో నాటు టెంక మొక్కపై మేలురకపు కొమ్మను కట్టుట మనకు తెలిసినదే. పద్ధతి అదే, ఉద్దేశము మాత్రము వేరును కాపాడుట. ఇసుకపాలు ఎక్కువగానున్న నేలలో ఈ పురుగు వ్యాపింపలేదు. అందుచే బూడిద, ఇసుక గల కొన్ని చెక్కలలో అంటుకట్టని ముదురు తీగెలు నేటికిని మిగిలియున్నవి.

పీకివేయుటా, నిలుపుటా

అంటుమొక్కలతో తోటను మరల నాటునపుడు రైతు ముందు ఒక ప్రశ్న నిలుచును. ఏ రకము నాటవలెను? రెండవ ప్రపంచయుద్ధము ముగియునప్పటికి ఇర్పీనియా పేదరికములో మునిగియుండెను. అనేకులు ఊళ్లు విడిచి అమెరికాకు, ఉత్తర ఇటలీకి, ఇతర దేశములకు వలసపోయిరి. మిగిలినవారికి, కాపు ఎక్కువగా కాసి త్వరగా పండు బయటి రకములు ఆశ చూపెను. ఆలస్యముగా పండి, తక్కువ కాసి, ఏండ్లు నిలువజేసినగాని రుచికి రాని రకమును నాటుట తెలివితక్కువగా తోచెను.

ఈ సమయమున స్థానిక రకములనే పట్టుకొని నిలిచినవారిలో అంతోనియో మాస్త్రోబెరార్దినో ముఖ్యుడు. 1928లో పుట్టి 2014లో మరణించిన ఈయన, అవెల్లీనో దగ్గరనున్న అత్రిపాల్దా పట్టణమున తమ కుటుంబపు వైను కర్మాగారమును నడిపెను. ఎఱ్ఱ వైనుకు అగ్లియానికో, తెల్ల వైనుకు ఫియానో, గ్రేకో రకములను విడువక, రైతులచేత వానినే నాటించెను. అక్కడ 1968 పంటనుండి తీసిన తౌరాసి వైను అనేక సంవత్సరముల తరువాత కూడ చెడక రుచి పెరుగుటచే, ఈ ద్రాక్ష శక్తికి అది సాక్ష్యముగా నిలిచినది.

1980 నవంబరు 23 సాయంకాలము ఇర్పీనియాలో పెద్ద భూకంపము వచ్చినది. రెండువేలకు పైగా జనులు మరణించిరి. గ్రామములకు గ్రామములు కూలెను. కోతలకాలము వెన్వెంటనే వచ్చిన ఆ విపత్తులో ఇండ్లతోపాటు వైను నేలమాళిగలును దెబ్బతినెను. వాటిని మరల కట్టుకొని, పంటను నిలుపుకొనిరి.

సాగులో మెలకువలు

పూర్వము ఇక్కడ తీగెను ఎత్తైన కర్రలకో చెట్లకో ఎక్కించి, నాలుగు వైపుల కొమ్మలు చాపుచుండిరి. దీనిని స్టార్సెతో అందురు. మన పందిరి ద్రాక్ష వలెనే క్రింద నడువవచ్చును. ఈ పద్ధతిలో కాపు ఎక్కువ, కాని ఎండ అన్ని గుత్తులకు సమముగా తగులదు. నేటి తోటలలో వరుసలుగా రాటలు పాతి, తీగెలు లాగి, ద్రాక్షను పొట్టిగా పెంచుచున్నారు.

మన ప్రాంతమున ద్రాక్ష శీతకాలమున పూర్తిగా నిద్రపోదు. అందుచే మనము ఏడాదికి రెండు కత్తిరింపులు చేయుదుము. ఇర్పీనియాలో ఆకులన్నియు రాలి తీగె నిద్రించును. ముఖ్యమైన కత్తిరింపు శీతకాలమున ఒక్కటే. అప్పుడు తీగెపై ఎన్ని కన్నులు ఉంచినది, ఆ ఏటి కాపును చాలవరకు నిర్ణయించును. తీగె బలముగా పెరుగు జాతి గనుక ఎక్కువ కన్నులు ఉంచవలెనని ఆశ కలుగును. ఆ ఆశను అణచుకొనుటయే మొదటి మెలకువ. వేసవిలో కాయ రంగు తిరుగు సమయమున, అవసరమైనచో కొన్ని పచ్చిగుత్తులను కోసి క్రింద పారవేయుదురు. చూచువారికి ఇది నష్టముగా తోచును. కాని గుత్తులు ఎక్కువైనచో ఏ గుత్తియు సరిగా పండదు, వగరు పచ్చిగానే మిగులును.

కోత నాటి లెక్క

చక్కెర శాతమును కొలుచు చిన్న పరికరము రైతు చేత నుండును. కాని ఈ రకమునకు చక్కెర ఒక్కటే కొలత కాదు. చక్కెర తగినంత వచ్చినను, తొక్కలోని, గింజలోని వగరు పండియుండకపోవచ్చును. అందుచే గింజను కొరికి చూతురు. గింజ పచ్చగా, చేదుగా నున్నచో ఆగవలెను. గోధుమరంగుకు తిరిగి, కరకరలాడినచో సమయము వచ్చినట్లు.

ఆగుటలో అపాయము కలదు. ఒక వారము ఆగినచో వగరు మెత్తబడవచ్చును. ఆ వారములోనే వాన పడి గుత్తులు కుళ్లవచ్చును. ముందుగా కోసినచో పంట దక్కును, కాని వైను మోటుగా నుండును. ఈ తూకము రైతు ప్రతి సంవత్సరము తన సొంత బాధ్యతపై వేసికొనవలసినదే. కావుననే గాలి తగులు వాలునేలలను, గుత్తులచుట్టు ఆకులను తీసి ఆరనిచ్చు పనిని ఇక్కడి రైతులు విలువగా చూతురు.

రసము వైనగు విధము

కోసిన గుత్తులనుండి తొడిమలు తీసి, కాయలను నలిపి, తొక్కలతో సహా తొట్లలో పోయుదురు. ద్రాక్షరసము దాదాపు రంగులేనిది. ఎఱుపు తొక్కలో నుండును. ఈస్టు అను సూక్ష్మజీవి రసములోని చక్కెరను మద్యసారముగా మార్చును. లీటరునకు సుమారు 17 గ్రాముల చక్కెర పులిసినచో నూటికి ఒక పాలు మద్యసారము వచ్చును. పులియునపుడు పుట్టు వాయువు తొక్కలను పైకి నెట్టును. వానిని రోజుకు కొన్నిసార్లు క్రిందికి త్రొక్కుటయో, అడుగు రసమును తోడి పైన పోయుటయో చేయుదురు. అట్లు రంగు, వగరు రసములోనికి దిగును. పిదప తొక్కలను వేరుచేసి, వైనును ఓక్ చెక్క పీపాలలో నిలువచేయుదురు.

చెక్కగుండా కొద్దికొద్దిగా చేరు గాలివలన వగరు మెల్లగా మెత్తబడును. క్రొత్త తౌరాసి వైను ముదురు కెంపు రంగున, పుల్లని చెఱ్ఱీపండు వాసనతో, నాలుకను గట్టిగా పట్టుకొనునదిగా ఉండును. ఏండ్లు గడచిన కొలది రంగు ఇటుకవన్నెకు తిరుగును. ఆరబెట్టిన పొగాకు, తోలు, పొగ వంటి వాసనలు తోచును. ఇదియే దాని స్వభావమని తెలిసినవారు చెప్పుదురు.

పేరును కాపాడు చట్టము

ఇటలీ ప్రభుత్వము 1963లో వైనుల పుట్టుకను, పేరును కాపాడు చట్టము చేసెను. తౌరాసికి ఆ రక్షణ 1970లో లభించినది. 1993లో అంతకంటె పై తరగతి హోదా వచ్చినది. దక్షిణ ఇటలీలో ఆ హోదా పొందిన మొదటి వైను ఇదియే. ముఖ్యమైన నిబంధనలు ఇవి:

1. ద్రాక్ష అవెల్లీనో జిల్లాలోని 17 గ్రామ, పట్టణముల పరిధిలో పండినదై యుండవలెను.

2. నూటికి 85 పాళ్లకు తక్కువ కాకుండ అగ్లియానికో ఉండవలెను. మిగిలినది ఆ ప్రాంతమున అనుమతింపబడిన ఇతర నల్లద్రాక్ష కావచ్చును.

3. హెక్టారుకు 10 టన్నులకు, అనగా ఎకరమునకు సుమారు 40 క్వింటాళ్లకు మించి కాపు తీయరాదు.

4. కోతయైన సంవత్సరము డిసెంబరు 1 నుండి లెక్కించి మూడేండ్లు నిలువచేయవలెను. అందులో ఒక సంవత్సరమైనను చెక్క పీపాలలో నుండవలెను. రిజర్వా అను మేలు తరగతికి నాలుగేండ్లు, అందులో 18 నెలలు చెక్కలో.

5. అమ్మకమునకు ముందు రసాయన పరీక్షయు, రుచిచూచు నిపుణుల పరీక్షయు జరుగును. సీసాపై సంఖ్యగల ప్రభుత్వ పట్టీ అంటించవలెను.

ఈ నిబంధనలను మరల చదివి చూడుడు. వీనిలో పెక్కు కొనువానికి విధించినవి కావు. రైతుకు, తయారుచేయువానికి విధించినవి. తక్కువ కాయించవలెను, ఆగవలెను, పరీక్షకు లోబడవలెను. ఆ కట్టుబాట్ల ఫలమే పేరునకు వచ్చిన విలువ.

ఆగుటకు సొమ్ము ఎక్కడిది?

గ్రామాధికారులు ముఖ్యముగా ఆలోచింపదగినది ఇది. మూడేండ్లు సరుకును నిలువచేయుట చిన్నరైతుకు తేలిక కాదు. ఈ ఏటి ఖర్చునకు ఈ ఏడే సొమ్ము కావలెను. తౌరాసి ప్రాంతమున చాలమంది ద్రాక్షనే కర్మాగారములకు అమ్ముదురు. 1990 తరువాత కొన్ని కుటుంబములు తమ పంటను తామే సీసాలలో నింపి అమ్ముట మొదలుపెట్టెను. 2005లో ఇర్పీనియా పేరిట మరియొక తరగతి ఏర్పడినది. దానిలో అగ్లియానికో వైనును తక్కువ కాలము నిలువచేసి అమ్మవచ్చును. మేలైన చెక్కల పంటను తౌరాసికి ఉంచి, మిగిలినదానిని ఇట్లు ముందుగా అమ్ముకొనినచో చేతికి సొమ్ము అందును.

ప్రక్కనున్న బసిలికాటా రాష్ట్రమున, వుల్తురె అను చల్లారిన అగ్నిపర్వతము చుట్టును ఇదే రకము పండుచున్నది. అక్కడి వెనోసా పట్టణమున రైతులు 1957లో సహకార సంఘముగా చేరి ఉమ్మడి వైను కర్మాగారమును స్థాపించిరి. అది నేటికిని నడుచుచున్నది. ఒక్కొక్క రైతు భరింపలేని పీపాల ఖర్చు, నిలువ ఖర్చు, అమ్మకపు పని సంఘము భరించును. ఆగుట అను గుణము ఒక్కని ఓర్పుతోనే సాధ్యము కాదు, దానికి కట్టుబాటు గల సంఘమో పెట్టుబడియో తోడు కావలెను.

మనకు పనికివచ్చు సంగతి

మన దేశమున కూడ 1999లో భౌగోళిక గుర్తుల చట్టము చేసిరి. అది 2003లో అమలునకు వచ్చెను. ఆంధ్రప్రదేశ్ బంగినపల్లి మామిడికి 2017లో ఆ గుర్తింపు లభించినది. గుర్తింపు వచ్చుట తలుపు తెరచుకొనుట మాత్రమే. లోపల ఏమి ఉంచవలెనో పండించువారే నిర్ణయింపవలెను. పిందెదశలోనే కోసి, బలవంతముగా మగ్గబెట్టి, బయటి కాయను కలిపి అమ్మినచో ఏ పత్రమును ఆ పేరును కాపాడజాలదు.

తమ ఊరి పంటలో లోపమని తలచు గుణమేదో రైతులు ఒకసారి కూర్చుండి ఆలోచించుట మంచిది. ఆలస్యముగా పండుటయా, కాపు తక్కువగుటయా, ఘాటు ఎక్కువగుటయా? ఆ గుణము నిజముగా లోపమేనా, లేక దానికి తగిన కాలమును, తగిన కోతను, తగిన నిలువను మనము ఇవ్వకపోవుటచే లోపముగా కనబడుచున్నదా? అగ్లియానికోను పీకివేయక నిలిపిన ఇర్పీనియా రైతులు ఈ ప్రశ్నకు తమ తోటలలోనే జవాబు చెప్పిరి.